అదనపు పోర్షన్ల క్రమబద్ధీకరణ: వికారాబాద్, తాండూరు

ఒక కుటుంబం ఉండటానికి మంజూరైన ఇంట్లోనే వేరే వంటగది, వేరే వాకిలి పెట్టి మరో కుటుంబానికి కిరాయికిచ్చే భాగాన్ని అదనపు పోర్షన్ అంటారు. అది మేడమీద రేకులో స్లాబో వేసిన రెండు గదులు కావచ్చు. ఇంటి పక్కన వదలాల్సిన ఖాళీ జాగాలో కట్టిన గది కావచ్చు. బండ్లు పెట్టుకోవడానికని వదిలి, తర్వాత గోడలు కట్టి మూసిన కింది అంతస్తు కావచ్చు. నేల కింద తవ్విన సెల్లార్ కూడా కావచ్చు. మున్సిపాలిటీ మంజూరు చేసిన ప్లానులో లేని ఇలాంటి భాగాన్ని పరిశీలించి, రుసుమో జరిమానానో కట్టించుకుని రికార్డులోకి ఎక్కించడమే క్రమబద్ధీకరణ. తెలంగాణలో వికారాబాద్, తాండూరు వంటి జిల్లా పట్టణాల్లో కిరాయి ఇళ్ల అవసరాన్ని చాలావరకు తీరుస్తున్నవి ఇలాంటి పోర్షన్లే. పెద్ద అపార్టుమెంట్లు తక్కువగా ఉన్న ఊళ్లలో ఉద్యోగికైనా కూలీకైనా విద్యార్థికైనా ఎవరో ఒకరి ఇంట్లోని పోర్షనే ఆధారం.

రెండంతస్తుల ఇంట్లో పై, కింది భాగాలను లోపలి మెట్లు కలిపితే దాన్ని ఇక్కడ డూప్లెక్స్ అంటారు. ఉత్తర అమెరికాలో అదే మాట రెండు కుటుంబాలకు విడివిడిగా కట్టిన జంట ఇంటికి వాడతారు. ఇక్కడి డూప్లెక్స్ చాలాసార్లు కాలం గడిచేకొద్దీ అక్కడి డూప్లెక్స్‌గా మారిపోతుంది. పిల్లలు చదువుకో ఉద్యోగానికో హైదరాబాద్ వెళ్లిపోతారు. లోపలి మెట్లకు తలుపు పెట్టి బయటి నుంచి ఇంకో మెట్లు వేస్తారు. పై భాగం కిరాయికి పోతుంది. ఇంటి వైశాల్యం ఒక్క అడుగు కూడా పెరగకుండా ఒక కాపురం రెండు కాపురాలయ్యే ఈ మార్పుకూ, ప్లానులో లేని అంతస్తును కొత్తగా కట్టడానికీ తేడా చాలా ఉంది. క్రమబద్ధీకరణపై జరిగే చర్చల్లో ఈ రెండింటినీ ఒకే గాట కట్టడం వల్ల చాలా గందరగోళం పుట్టింది.

రెండు పట్టణాలు

వికారాబాద్ జిల్లా 2016 అక్టోబర్ 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడిపోయి ఏర్పడింది. మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన కొడంగల్ ప్రాంతం కూడా ఇందులో కలిసింది. జిల్లా కేంద్రమైన వికారాబాద్‌కు ఆ పేరు పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా వల్ల వచ్చింది. 1874లో మొదలైన వాడి–సికింద్రాబాద్ రైలు మార్గం మీద ఇది జంక్షన్. బీదర్, పర్లి వైపు వెళ్లే దారి ఇక్కడే చీలుతుంది. 2011 జనగణనలో పట్టణ జనాభా సుమారు 53 వేలు. రైలెక్కి హైదరాబాద్‌కు ఉద్యోగాలకు పోయి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లకు ఇది ఎప్పటినుంచో నివాస పట్టణం. జిల్లా కేంద్రమయ్యాక కార్యాలయాలు వచ్చాయి. 2022 ఆగస్టులో కొత్త సమీకృత కలెక్టరేట్, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయ్యాయి. బదిలీపై వచ్చే ఉద్యోగులు, విద్యార్థులు, ఆసుపత్రి సిబ్బంది ఒక్కసారిగా పెరిగారు. వాళ్లకు సరిపడా ఇళ్లు అంత వేగంగా కట్టడం ఎవరి వల్లా కాదు. ఉన్న ఇళ్లనే విడగొట్టుకుని పట్టణం ఆ అవసరాన్ని తీర్చుకుంది.

తాండూరు తీరు వేరు. కాగ్నా నది పక్కన, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఈ పట్టణం నాపరాతికి, కందులకు పేరుపడింది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2011లో జనాభా సుమారు 65 వేలు. అంటే జిల్లా కేంద్రం కంటే ఇదే పెద్ద ఊరు. చుట్టూ నాపరాతి గనులు, బండలు కోసే, పాలిష్ పట్టే యూనిట్లు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. కరన్‌కోటలోని సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం వీటిలో ఒకటి. కంపెనీ కాలనీల్లో చోటు దొరకని ఉద్యోగులు, కాంట్రాక్టు కార్మికులు, కర్ణాటక నుంచి, ఉత్తరాది రాష్ట్రాల నుంచి వచ్చే పనివాళ్లు పట్టణంలోనే కిరాయికి ఉంటారు. ఒక గది, వంటకు ఒక మూల, నలుగురైదుగురికి ఒకటే బాత్రూం ఉన్న పోర్షన్లు ఇక్కడ ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

రెండు ఊళ్లలోనూ పాత ఇళ్లు గ్రామకంఠం జాగాల్లో ప్లాను లేకుండానే కట్టినవి. శివార్లలో గ్రామ పంచాయతీ కాలంలో వేసిన లేఅవుట్లు తర్వాత మున్సిపాలిటీలో కలిశాయి. అలాంటి చోట పోర్షన్ ఒక్కటే అనధికారం కాదు, కొన్నిసార్లు ఇల్లు మొత్తం, దాని కింది ప్లాటు కూడా రికార్డులో సరిగా ఉండవు. క్రమబద్ధీకరణకు వచ్చే యజమాని ముందు భూమి, తర్వాత ఇల్లు, ఆ తర్వాత పోర్షన్ అనే వరుసలో మూడు మెట్లు ఎక్కాలి. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయేవాళ్లు తక్కువేమీ కాదు.

నేల, సెల్లార్

కెనడా, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో దాదాపు ప్రతి ఇంటికీ బేస్‌మెంట్ ఉండటానికి కారణం చలి. చలికాలంలో నేలలోని తేమ గడ్డకట్టి ఉబ్బుతుంది. అది పునాదిని ఎత్తకుండా ఉండాలంటే ఆ లోతు దాటి పునాది తీయాలి. అంత లోతు తవ్వాక ఆ జాగాను వదిలేయకుండా గదిగా వాడుకుంటారు. దక్కను పీఠభూమిపై ఆ అవసరం లేదు. ఇక్కడ సెల్లార్ తవ్వేది పార్కింగ్ కోసమో గోదాం కోసమో మాత్రమే, అదీ ఎక్కువగా దుకాణాల సముదాయాల కింద.

తాండూరు నేల కింద ఉన్నది భీమా శిలాసముదాయానికి చెందిన సున్నపురాయి. పలకలు పలకలుగా, అడ్డంగా పరిచినట్టు ఉండే పొరలు దీని లక్షణం. బండలను సులువుగా తీయగలిగేది ఆ పొరల వల్లే. సెల్లార్ తవ్వేవాళ్లకు అవే పొరలు ఇబ్బంది తెస్తాయి. వాన నీరు పొరల మధ్య సందుల్లోంచి, నిలువు పగుళ్లలోంచి పక్కకు పారి, తవ్విన గోతి గోడల్లో ఊరుతుంది. గోడకు సిమెంటు పూసినంత మాత్రాన ఆ ఊట ఆగదు. గోడ బయటి వైపున నీరు పోయే దారి, పంపు, పకడ్బందీ వాటర్‌ప్రూఫింగ్ కావాలి. వికారాబాద్ వైపు అనంతగిరి ఎత్తుల్లో ఎర్రమట్టి, లేటరైటు నేలలు, పల్లపు ప్రాంతాల్లో నల్లరేగడి ఉంటాయి. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు పగులుతుంది కాబట్టి సెల్లార్ గోడపై పక్క నుంచి పడే ఒత్తిడి ఏడాది పొడవునా మారుతూనే ఉంటుంది. మూసీ నది పుట్టేది అనంతగిరి కొండల్లోనే. కొండల మీద పడ్డ వాన కొన్ని గంటల్లోనే వాగుల్లోకి దిగుతుంది. ఇలాంటి చోట నేల కింద కాపురం పెట్టించడం ఇంజినీరింగ్ పరంగానే ప్రమాదం. చట్టం సంగతి ఆ తర్వాతిది.

చట్టం కూడా అదే చెబుతుంది. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168, అంటే అప్పటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు, తెలంగాణ మున్సిపాలిటీలకు ఇప్పటికీ ఆధారం. వాటి ప్రకారం సెల్లార్ ప్రధానంగా పార్కింగ్‌కే. సుమారు 900 గజాలు, అంటే 750 చదరపు మీటర్లు దాటిన స్థలాల్లోనే దానికి వీలుంది. పార్కింగ్‌కు చూపిన జాగాను వేరే పనికి వాడితే తొలగించే అధికారం మున్సిపాలిటీకి ఉంది. జాతీయ భవన నిర్మాణ సంహిత కూడా బేస్‌మెంట్‌ను నిల్వకు, యంత్రాలకు, పార్కింగ్‌కు కేటాయిస్తుంది. దాని ఎత్తు కనీసం 2.4 మీటర్లు ఉండాలి. పైకప్పు చుట్టుపక్కల నేల కంటే 0.9 నుంచి 1.2 మీటర్లు పైకి కనిపించాలి. వికారాబాద్‌లోగానీ తాండూరులోగానీ 150, 200 గజాల ఇళ్ల కింద తవ్విన గదికి ఈ నియమాల్లో ఎక్కడా చోటు లేదు.

ఈ నిషేధం ఎందుకో చెప్పడానికి పాత ఉదాహరణలు వెతకనక్కర్లేదు. 2024 జూలై 27న ఢిల్లీలోని రాజేంద్రనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వాననీరు ముంచెత్తి, చదువుకుంటున్న ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. 2020 అక్టోబర్ వానల్లో హైదరాబాద్‌లో వందలాది సెల్లార్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. నిప్పు ప్రమాదమూ తక్కువేమీ కాదు. 2023 నవంబర్ 13న ఆ నగరంలోనే నాంపల్లి బజార్‌ఘాట్‌లో నివాస భవనం కింది భాగంలో నిల్వ చేసిన రసాయనాలకు నిప్పంటుకుని పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు ప్రాణాలు కోల్పోయారు. 2025 మే 18న అక్కడే గుల్జార్‌హౌజ్ దగ్గర, కింద దుకాణాలు పైన కాపురాలు ఉన్న పాత భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. రావడానికీ పోవడానికీ ఒకటే ఇరుకు దారి ఉండటం ఆ విషాదాన్ని పెంచింది. తాండూరు, వికారాబాద్ బజారు వీధుల్లో కింద మడిగెలు పైన పోర్షన్లు ఉన్న ఇళ్లకు కూడా ఒకటే మెట్ల దారి ఉంటుంది. ఆ మెట్ల కిందే కరెంటు మీటర్లు, గ్యాసు సిలిండర్లు, మోటారు సైకిళ్లు ఉంటాయి. పోర్షన్‌కు పర్మిషన్ ఉందా లేదా అన్న ప్రశ్న కంటే ఈ దృశ్యమే ముందు అధికారులను కదిలించాలి.

అనుమతి విధానం

జీవో 168లో స్థలం విస్తీర్ణాన్ని బట్టి వదలాల్సిన ఖాళీ జాగాలు, కట్టగల ఎత్తు నిర్ణయించారు. ఉదాహరణకు 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో, అంటే సుమారు 120 నుంచి 240 గజాల్లో, 10 మీటర్ల ఎత్తు వరకు కట్టుకోవచ్చు. చిన్న రోడ్డుకు ఆనుకుని ఉంటే ముందు ఒకటిన్నర మీటర్లు, మిగతా వైపులా ఒక మీటరు వదలాలి. పోర్షన్ల గొడవ ఎక్కువగా పుట్టేది ఈ ఒక్క మీటరు దగ్గరే. ఆ సందులో బాత్రూమో వంటగదో కట్టేస్తే పక్కింటి కిటికీకి గాలి ఉండదు, మంటలార్పేవాళ్లకు దారి ఉండదు, సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి వీలుండదు. అదే యజమాని ఆ సందును వదిలి, ఎత్తు పరిమితిలోనే రెండో అంతస్తు వేసుకుంటే దానికి మంజూరు తెచ్చుకోవడం కష్టం కాదు.

2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, ఆ తర్వాత వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం అనుమతి పద్ధతిని బాగా మార్చాయి. 2020 నవంబర్ 16న టీఎస్ బీపాస్ మొదలైంది. 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి అనుమతే అక్కర్లేదు. ఒక రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణపై వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించినవాటికి 21 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. స్వీయ ధ్రువీకరణలో అబద్ధం ఉందని తేలితే నోటీసు లేకుండానే తొలగించే అధికారాన్ని ఆ చట్టం ఇచ్చింది. 2025 నుంచి ఈ వ్యవస్థ స్థానంలో బిల్డ్ నౌ వస్తోంది. మొత్తం మీద చిన్న ఇంటి యజమాని ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని బాగా తగ్గింది. పర్మిషన్ దొరకదు కాబట్టి దొంగచాటుగా కట్టామనే పాత సాకు ఇప్పుడు నిలవదు.

అనుమతి తెచ్చుకున్నా ఇల్లు పూర్తయ్యాక నివాసయోగ్యతా పత్రం తీసుకోవాలి. 100 చదరపు మీటర్ల లోపు, ఏడు మీటర్ల ఎత్తు లోపు సొంత ఇళ్లకు దీని నుంచి మినహాయింపు ఉంది. రోడ్డు వైపు హద్దును ముట్టనంతవరకు, మిగతా ఖాళీ జాగాల్లో 10 శాతం దాకా ఉన్న తేడాను రుసుముతో మన్నించే వీలు జీవో 168లోనే ఉంది. నివాసయోగ్యతా పత్రం లేని భవనాలకు కరెంటు, నీటి కనెక్షన్లను నిరాకరించాలి, లేదంటే మూడింతల చార్జీ వసూలు చేయాలని కూడా అందులో రాసి ఉంది. చిన్న పట్టణాల్లో ఈ పత్రం కోసం వెళ్లేవాళ్లే తక్కువ. ప్లాను మంజూరైన రోజుకూ ఇల్లు పూర్తయిన రోజుకూ మధ్య మున్సిపాలిటీ కన్ను పడని ఆ ఖాళీలోనే అదనపు గదులన్నీ పుడతాయి.

ఇంటి పన్ను సంగతి వేరు. 2019 చట్టం ప్రకారం యజమాని తన ఇంటి కొలతలను తానే ప్రకటించాలి. తక్కువ చూపినట్టు తేలితే తేడా పన్నుకు 25 రెట్లు జరిమానా. ప్లానులో లేని పోర్షన్‌కు కూడా పన్ను వేస్తారు, ఇంటి నంబరు ఇస్తారు. పన్ను రసీదు చేతికొచ్చింది కాబట్టి పోర్షన్ సక్రమమైపోయిందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. పన్ను కట్టడం వల్ల కట్టడానికి ఏ హక్కూ రాదు. ఇల్లు అమ్మేటప్పుడు, బ్యాంకులో రుణం అడిగినప్పుడు ఆ తేడా బయటపడుతుంది.

క్రమబద్ధీకరణ పథకాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 డిసెంబర్ 31న రెండు జీవోలు ఒకేసారి వచ్చాయి. 902 లేఅవుట్ల క్రమబద్ధీకరణకు, 901 భవనాలకు. బీపీఎస్ అనే పేరుతో జనానికి తెలిసిన ఈ రెండో పథకం 1985 జనవరి 1 నుంచి 2007 డిసెంబర్ 15 మధ్య కట్టిన, అనుమతి లేని లేదా అనుమతిని మీరిన భవనాలను జరిమానాతో సక్రమం చేయడానికి ఉద్దేశించింది. ప్రభుత్వ భూమి, చెరువు శిఖం, రోడ్డు విస్తరణలో పోయే భాగం, యాజమాన్య వివాదం ఉన్న స్థలం దీని పరిధిలోకి రావు. మంజూరైన ప్లానులో పార్కింగ్‌కు చూపిన జాగా కూడా రాదు. ఈ చివరి మినహాయింపే పోర్షన్ల విషయంలో కీలకం. పార్కింగ్‌గా చూపిన కింది అంతస్తును, సెల్లార్‌ను కాపురాలుగా మార్చినవాళ్లకు అప్పుడూ ఆ దారి తెరుచుకోలేదు.

తెలంగాణ ఏర్పడ్డాక 2015 నవంబర్ 2న జీవో 151, 152 వచ్చాయి. 152 భవనాల క్రమబద్ధీకరణ పథకం, అంటే బీఆర్ఎస్. 2015 అక్టోబర్ 28 నాటికి ఉన్న కట్టడాలు దీని పరిధిలోకి వస్తాయని ప్రకటించారు. ఒక్క హైదరాబాద్ మహానగరంలోనే లక్షకు మించి దరఖాస్తులు వచ్చాయి. మళ్లీ మళ్లీ క్రమబద్ధీకరించడం నియమాలు పాటించినవాళ్లకు అన్యాయమని వాదిస్తూ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. దరఖాస్తులను పరిశీలించవచ్చు గానీ తుది ఉత్తర్వులు ఇవ్వొద్దని కోర్టు ఆదేశించడంతో ఆ పథకం అక్కడే ఆగిపోయింది. రుసుము కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్ల ఇళ్లు అటు సక్రమమూ కాక, ఇటు తిరస్కరణకూ గురికాక మధ్యలో ఉండిపోయాయి. ఒక ఇంటి విషయంలో అవునో కాదో చెప్పకుండా ఇన్నేళ్లు గడపడం ఆ యజమానికీ, అందులో ఉండే కిరాయిదారుకూ చేసిన అన్యాయం.

2020 ఆగస్టు 31న జీవో 131తో వచ్చిన ఎల్ఆర్ఎస్, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, ప్లాట్లకు మాత్రమే సంబంధించింది. ఆ ఏడాది ఆగస్టు 26 నాటికి రిజిస్టరైన ప్లాట్లకు అది వర్తిస్తుంది. రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2025లో 25 శాతం రాయితీతో వాటిని మళ్లీ కదిలించారు. వికారాబాద్, తాండూరు శివార్లలో పంచాయతీ లేఅవుట్లలో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు ఇది మొదటి మెట్టుగా ఉపయోగపడింది. 2014 డిసెంబర్ 30న వచ్చిన 58, 59 జీవోలు ఇంకో రకం. ప్రభుత్వ భూమిలో ఉంటున్న పేదలకు 125 గజాల వరకు ఉచితంగా, మిగతావాళ్లకు రుసుముపై హక్కు కల్పించినవి అవి. ఎల్ఆర్ఎస్ గానీ ఈ జీవోలు గానీ ఇంట్లోని అదనపు పోర్షన్‌ను సక్రమం చేయవు. ఎల్ఆర్ఎస్ కట్టాం కాబట్టి మేడమీది గదులకు భయం లేదనుకోవడం పొరపాటు.

సుప్రీంకోర్టు 2024లో ఇచ్చిన రెండు తీర్పులు ఈ విషయానికి రెండు కొసలు. నవంబర్ 13 నాటి తీర్పు, కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా, యజమాని మాట వినకుండా ఇళ్లు కూల్చకూడదని చెప్పింది. డిసెంబర్ 17న రాజేంద్ర కుమార్ బర్జాత్య కేసులో ఇచ్చిన తీర్పు, ఏళ్లు గడిచాయనో డబ్బు ఖర్చయిందనో అధికారులు చూసీ చూడనట్టు ఊరుకున్నారనో చెప్పి అక్రమ కట్టడాన్ని సక్రమం చేయకూడదని గట్టిగా చెప్పింది. నివాసయోగ్యతా పత్రం చూశాకే కరెంటు, నీరు, బ్యాంకు రుణం ఇవ్వాలని ఆదేశించింది. తప్పు చేసినవారికి తమ వాదన వినిపించుకునే హక్కు ఉంది, తప్పును హక్కుగా మార్చుకునే వీలు లేదు అన్నదే ఈ రెంటి సారాంశం.

మీటర్లు, కిరాయిదారు

పోర్షన్ సక్రమమా కాదా అన్నది కిరాయిదారు రోజువారీ బతుకులో తగిలేది కరెంటు మీటరు దగ్గర. ఇళ్లకు చార్జీ శ్లాబుల వారీగా పెరుగుతుంది కాబట్టి రెండు కాపురాలు ఒకే మీటరు మీద ఉంటే యూనిట్లు కలిసి పై శ్లాబులోకి పోతాయి. 2024 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన గృహజ్యోతి పథకం నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు ఉచిత కరెంటు ఇస్తుంది. కిరాయి ఇళ్లలో ఉన్నవాళ్లకూ అది వర్తిస్తుంది. అయితే వేరే మీటరు లేని పోర్షన్‌లోని కుటుంబానికి ఆ లాభం అందదు. యజమాని సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు తనకు తోచిన రేటు వసూలు చేస్తాడు. పోర్షన్ రికార్డుకెక్కితే దానికి సొంత మీటరు, సొంత నల్లా కనెక్షన్ అడిగే హక్కు వస్తుంది. క్రమబద్ధీకరణ వల్ల పేదలకు నేరుగా కలిగే మేలుల్లో ఇది ముఖ్యమైనది. పథకాల మీద రాసే జీవోల్లో దీని ప్రస్తావనే ఉండదు.

కిరాయి ఒప్పందాలు సాధారణంగా 11 నెలలకు రాసుకుంటారు. రిజిస్ట్రేషన్ లేకుండా గడిపేయాలనే ఉద్దేశమే దీనికి కారణం. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం మున్సిపాలిటీల్లో అమల్లో ఉన్నా, ఒక పరిమితి దాటిన కిరాయిలకు అది వర్తించదు. 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టాన్ని రాష్ట్రాలకు పంపింది. అనధికార పోర్షన్‌పై మున్సిపాలిటీ చర్య తీసుకుంటే ఇల్లు ఖాళీ చేయాల్సింది కిరాయిదారే. అడ్వాన్సు తిరిగి రాబట్టుకోవడం, పిల్లల బడి దగ్గర్లో ఇంకో గది వెతుక్కోవడం ఆ కుటుంబం మీదే పడతాయి. జరిమానా మాత్రం యజమానికి. నోటీసులోనైనా, పథకంలోనైనా కిరాయిదారు పేరు ఎక్కడా కనిపించకపోవడం మన క్రమబద్ధీకరణ విధానంలోని పెద్ద లోపం.

ఇతర దేశాల అనుభవం

తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడుతున్న కెనడాలో ఇదే సమస్య బేస్‌మెంట్ సూట్ల రూపంలో ఉంది. టొరంటో చుట్టుపక్కల బ్రాంప్టన్, మిసిసాగా వంటి చోట్ల కొత్తగా వెళ్లిన తెలుగు విద్యార్థుల్లో చాలామంది మొదట అద్దెకు దిగేది అలాంటి బేస్‌మెంట్లలోనే. వాంకూవర్ నగరం 2004లో ఒంటి ఇళ్ల ప్రాంతాలన్నింటిలో ఇలాంటి సూట్లను అనుమతించింది. ఒంటారియో 2011లో చట్టం చేసి స్థానిక సంస్థలు రెండో నివాసాన్ని అనుమతించేలా చేసింది. కాల్గరీలో అనేక ప్రాంతాల్లో 2018 వరకు ఒక్కో సూట్ కోసం యజమాని నగర మండలి ముందుకు వెళ్లి ఇరుగుపొరుగు అభ్యంతరాల మధ్య అనుమతి అడగాల్సి వచ్చేది. ఆ ఏడాది ఆ పద్ధతిని ఎత్తేసి, అధికారుల స్థాయిలోనే అనుమతి ఇచ్చి, నమోదు పట్టిక పెట్టారు. కొంతకాలం రుసుము మాఫీ చేసి పాతవాటిని బయటికి రప్పించారు. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2019 డిసెంబర్‌లో భవన నియమాలను మార్చి, పక్కపక్కన ఉండే జంట ఇళ్లలో కూడా సూట్లకు వీలు కల్పించింది.

ఆ దేశపు పద్ధతుల్లో ఇక్కడికి పనికొచ్చేది బేస్‌మెంట్ కాదు, పరీక్షించే తీరు. పడకగది కిటికీ ద్వారం కనీసం 0.35 చదరపు మీటర్లు ఉండాలి, ఏ వైపూ 380 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మంట లేస్తే మనిషి అందులోంచి బయటపడగలగాలి. పొగను పసిగట్టే అలారాలు రెండు కాపురాల్లో ఒకేసారి మోగాలి. రుసుము ఎంత అన్న ప్రశ్న వీటి తర్వాతే వస్తుంది. మన బీపీఎస్, బీఆర్ఎస్ రెండూ ఎన్ని చదరపు మీటర్లు మీరారు, అక్కడి భూమి విలువ ఎంత అని లెక్కగట్టి జరిమానా తేల్చాయి. గదికి కిటికీ ఉందా, వంటగదికి గాలి ఉందా అన్నవి ఆ లెక్కలో భాగం కాలేదు. జాతీయ భవన నిర్మాణ సంహితలో కొలతలు ఉండనే ఉన్నాయి. నివాసపు గది కనీసం 9.5 చదరపు మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు, ఎత్తు 2.75 మీటర్లు ఉండాలి. పొడి వేడి వాతావరణంలో కిటికీలు, వెంటిలేటర్లు కలిపి గది వైశాల్యంలో కనీసం పదో వంతు ఉండాలి. పోర్షన్‌ను సక్రమం చేసేటప్పుడు టౌన్ ప్లానింగ్ సిబ్బంది టేపుతో కొలవాల్సినవి ఇవి.

ఇలా చూస్తే రెండు పట్టణాల్లోని పోర్షన్లు మూడు తెగలవుతాయి. మంజూరైన ఇంటి వైశాల్యంలోనే వేరే వంటగది, వేరే వాకిలి పెట్టుకున్నవాటిని అనుమతించడంలో ఎవరికీ నష్టం లేదు. పైగా ఊరికి కిరాయి ఇళ్లు పెరుగుతాయి. ఇలాంటివాటికి ఒకేసారి తెరుచుకుని మూసుకుపోయే పథకం అక్కర్లేదు. సవరించిన ప్లానుతో ఎప్పుడైనా నమోదు చేసుకునే మామూలు దారి ఉండాలి. ఎత్తు పరిమితిలో, ఖాళీ జాగాలను మింగకుండా కట్టిన అదనపు అంతస్తుకు పునాది, పిల్లర్ల బలాన్ని లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజినీరు ధ్రువీకరించాక, రెండో మెట్ల దారి లేదా ఇంకో బయటి దారి ఉందని చూశాక అనుమతి ఇవ్వవచ్చు. సందును మూసి కట్టిన గదులు, పార్కింగ్‌ను, సెల్లార్‌ను కాపురాలుగా మార్చినవి మూడో తెగ. వీటిని ఎంత జరిమానాకైనా సక్రమం చేయకూడదు. ఖాళీ చేయించేటప్పుడు కిరాయిదారుకు కనీసం ఒక విద్యా సంవత్సరం గడువు, అడ్వాన్సు తిరిగి ఇప్పించే ఏర్పాటు ఉండాలి.

పోర్షన్ తీసుకునేవాళ్లు యజమానిని అడగాల్సిన కాగితాలు మూడు: మంజూరైన ప్లాను, నివాసయోగ్యతా పత్రం, ఆ పోర్షన్ ఇంటి నంబరుతో ఉన్న పన్ను రసీదు. మూడోది ఒక్కటే చూపిస్తే మొదటి రెండింటి కోసం మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగంలో విచారించాలి. గది నేల మట్టానికి కింద ఉంటే ఏ కాగితం చూపించినా అందులో కాపురం పెట్టకూడదు.